ఖాళీ గడులే ఎక్కువ చెప్పాయి: జెమెజ్ కొండల మంటల చరిత్ర, ఆర్‌లో నా ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి వారం

న్యూ మెక్సికోలోని జెమెజ్ కొండల్లో పాత రోజుల్లో అడవి ఎన్నేళ్ళకోసారి కాలేది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని, లెక్కలకీ గ్రాఫులకీ వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో పని మొదలుపెట్టాను. డేటా కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు, బర్న్‌ఆర్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే రెండు చోట్ల చెట్ల మీద పడిన మంట మచ్చల డేటా దాంతోపాటే వచ్చేస్తుంది. ఒకటి పెగ్గీ మెసా, రెండోది లాస్ గ్రియెగోస్, రెండూ జెమెజ్‌లోవే. స్టీవెన్ మాలెవిచ్, క్రిస్టఫర్ గైటర్‌మన్, ఎల్లిస్ మార్గోలిస్ కలిసి రాసిన ప్యాకేజీ ఇది, దీని మీద వాళ్ళ పేపరు 2018లో వచ్చింది. ఇంకా కావాలంటే నోవా (అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ) వాళ్ళ పాత మంటల డేటాబేస్‌లో బోలెడన్ని చోట్ల ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి.

నేనుండేది ఆల్బకర్కీలో. చేసే ఉద్యోగం స్టాటిస్టిక్స్‌తోనే కానీ అడవులతో కాదు. నాకు దారి చూపిస్తున్నది చెట్టు వలయాల మీద పరిశోధన చేసే ఒక అక్క, విజయనగరం వైపు మనిషి. లాప్‌టాప్ తెరవబోతుంటే ఆవిడే ఆపింది. "ఆగు తమ్ముడూ, ముందు చెక్క చూడు, తర్వాత ఫైలు చూద్దువుగాని" అని ఒక పాండెరోసా పైన్ ముక్క చేతిలో పెట్టింది.

అరచేతి కన్నా కొంచెం పెద్దది, పచ్చళ్ళ జాడీ మూత అంత మందం. సాండ్‌పేపర్‌తో గరుకు నుంచి నున్నన దాకా, 400 నంబరు వరకూ రుద్దారట, అందుకని భూతద్దం పెడితే కణాలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక్కో వలయంలో ముందు లేత రంగు వెడల్పు భాగం, తర్వాత ముదురు రంగు సన్నని గీత. మొదటిది వసంతంలో పెరిగింది, రెండోది సీజను చివర పెరిగింది. ఒకచోట మాత్రం వలయం తెగిపోయింది. తెగిన చోట నల్లటి అంచు, బంక పట్టి తేనె రంగుకి తిరిగిన చెక్క, ఆ మరుసటి ఏడాది పెరిగిన చెక్క అంచు మీదుగా లోపలికి ముడుచుకుని గాయాన్ని కప్పబోతోంది. అది పూర్తిగా కప్పుకునేలోపే ఇంకో నల్లటి అంచు, దాని మీద ఇంకో ముడుపు. అలా ఒకే ముక్కలో వరసగా మచ్చలు. ఒక్కో మచ్చా ఒక్కో మంట, చెట్టు మాత్రం వాటన్నిటినీ తట్టుకుని బతికింది.

పాండెరోసాకి బెరడు మందం. గడ్డి, రాలిన సూదులు కాలుతూ నేల మీద సాగే మంట దాన్ని చంపదు. ఏదో ఒక పక్క, ఎక్కువగా వాలుకి పైవైపు చెత్త పేరుకునే చోట, వేడి లోపలికి దిగి బెరడు కింద కొత్త చెక్క పెరిగే పొర, కేంబియం, సుమారు 60 డిగ్రీలకి చేరితే ఆ మేరకు పొర చచ్చిపోతుంది. మిగతా చుట్టూ చెట్టు మామూలుగా పెరుగుతూనే ఉంటుంది. ఒకసారి గాయమైన చోట బెరడు పలచన, పైగా బంక కారి ఉంటుంది కాబట్టి రెండో మంటకి అక్కడ మచ్చ పడడం తేలిక. ఈ ఒక్క సంగతి మీదే తర్వాతి లెక్కంతా నడుస్తుందని అక్క అప్పుడే చెప్పింది, ఎంత నిజమో ఫైలు తెరిచాక తెలిసింది.

జనవరి చివర

వలయాలు లెక్కపెట్టి ఏడాది రాసేయడమే అనుకుంటారు చాలామంది. అలా కుదరదు. కరువు ఏడాదిలో చెట్టుకి కొన్ని వైపుల వలయమే పడకపోవచ్చు, మే జూన్ ఎండలకి మధ్యలో పెరుగుదల ఆగి జులై వానలకి మళ్ళీ మొదలైతే ఒకే ఏడాది రెండు వలయాల్లా కనిపించవచ్చు. అవును, ఈ ప్రాంతానికీ మాన్సూన్ ఉంది, పేరు కూడా అదే, జులై నుంచి సెప్టెంబరు దాకా. అందుకే ప్రాంతమంతటా చెట్లకి ఉమ్మడిగా సన్నబడిన వలయాలని గుర్తులుగా పెట్టుకుని చెట్టుకీ చెట్టుకీ సరిచూస్తారు. ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏ.ఇ. డగ్లస్, సూర్యుడి మచ్చలకీ వాతావరణానికీ సంబంధం వెతుకుతూ చెట్ల దగ్గరికి వచ్చాడు. అరిజోనాలోని టూసాన్‌లో 1937లో చెట్టు వలయాల ప్రయోగశాల పెట్టిందీ ఆయనే. నైరుతి అమెరికాలో 1847, 1904 వలయాలు సన్నగా ఉంటాయి, అక్క ముక్కలో రెండూ కనిపించాయి. ఏడాది కచ్చితంగా తేలకపోతే మచ్చకి విలువ లేదు, ఒక్క ఏడాది తేడా వస్తే వాతావరణంతో పోల్చడం మొత్తం బోల్తా పడుతుంది.

ఇక ఫైలు. ఈ రంగంలో అందరూ వాడేది ఎఫ్‌హెచ్‌ఎక్స్ ఫార్మాట్, హెన్రీ గ్రిస్సినో-మేయర్ 1990లలో డాస్ ప్రోగ్రామ్‌ కోసం తయారుచేసింది. చూడటానికి పాతకాలంగా ఉంటుంది కానీ చాలా ఆలోచించి చేసిన పని. ఒక్కో వరస ఒక్కో సంవత్సరం, ఒక్కో నిలువు కాలమ్ ఒక్కో చెట్టు, చెట్ల పేర్లు కూడా పై నుంచి కిందికి నిలువుగా రాసి ఉంటాయి. నడిమధ్య వలయం ఉంటే చదరపు బ్రాకెట్, నడిమధ్య దాకా చెక్క దొరక్కపోతే పూల బ్రాకెట్. మంట మచ్చకి పెద్ద అక్షరం, ఇతర గాయానికి చిన్న అక్షరం. పెద్ద అక్షరాల్లోనూ తేడాలున్నాయి, మచ్చ వలయంలో ఎక్కడ పడిందో దాన్ని బట్టి: లేత చెక్క మొదట్లో అయితే ఇ, మధ్యలో ఎం, చివర్లో ఎల్, ముదురు చెక్కలో ఏ, రెండు వలయాల సరిహద్దులో అయితే డి, తేలకపోతే యు.

మచ్చ లేని సంవత్సరాలకి రెండు గుర్తులు: చుక్క, నిలువు గీత. నేను మొదట అడిగింది వీటి గురించే, మచ్చ లేకపోవడంలో మళ్ళీ రెండు రకాలేంటని. నిలువు గీత అంటే ఆ ఏడాది చెట్టు రాసే స్థితిలో, అంటే మంట వస్తే మచ్చగా నమోదు చేసే స్థితిలో ఉంది, గాయం తెరుచుకునే ఉంది, అయినా మచ్చ పడలేదు. చుక్క అంటే చెట్టు బతికే ఉంది కానీ ఇంకా మొదటి గాయమే కాలేదు, లేదా గాయం పూర్తిగా పూడిపోయింది, లేదా ఆ భాగం చెక్క తర్వాతి మంటలో కాలిపోయింది, మంట వచ్చినా అక్కడ తెలియకపోవచ్చు. స్కూలు హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేరు, అసలు పేరే ఎక్కని పిల్లవాడు వేరు, ఇదీ అంతే. "చుక్క ఉన్న ఏడాదికి ఆ చెట్టుని సాక్ష్యానికి పిలవకు" అంది అక్క. ఆ మాట స్క్రిప్టులో కామెంటుగా పైనే పెట్టుకున్నాను.

డేటాబేస్‌లో కొన్ని ఫైళ్ళలో ఈ గుర్తులు జాగ్రత్తగా వేసి ఉంటాయి, కొన్నిటిలో మొదటి మచ్చ తర్వాత చివరిదాకా నిలువు గీతలే వరసగా ఉంటాయి. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్ళతో చూడండి. ప్లాటు, అంటే గ్రాఫు, తర్వాత వేసుకోవచ్చు.

ఫిబ్రవరి

పెగ్గీ మెసా డేటా ఒక్క లైనుతో ప్లాటుకెక్కింది. ఒక్కో చెట్టుకి ఒక అడ్డగీత, దాని మీద మచ్చలకి నిలువు గాట్లు, చెట్టు రాస్తున్న కాలం నిండు గీత, రాయని కాలం విరిగిన గీత. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గాట్లు చెట్టు నుంచి చెట్టుకి ఒకే వరసలోకి వచ్చే సంవత్సరాలు కంటికి తెలిసిపోతాయి, అవి అడవంతా పాకిన మంటలు. ఒంటరి గాట్లు ఒక చెట్టు కింద రాజుకుని ఆరిపోయినవి కావచ్చు. ఇంకొంచెం కుడివైపుకి, 19వ శతాబ్దం చివరికి వెళ్ళేసరికి గాట్లు ఆగిపోతాయి. గీతలు నిండుగానే సాగుతున్నాయి, అంటే చెట్లు రాయడానికి సిద్ధంగానే ఉన్నాయి, మచ్చలే లేవు.

తర్వాతి అడుగు కాంపోజిట్, అంటే అన్ని చెట్ల రికార్డునీ కలిపి ఈ చోటికి ఇవీ మంటల సంవత్సరాలు అని ఒక జాబితా తీయడం. బర్న్‌ఆర్‌లో ఇది ఒకే ఫంక్షన్, కానీ అందులో నిర్ణయాలు మూడు దాగున్నాయి: రాస్తున్న చెట్లలో ఎంత శాతానికి మచ్చ ఉండాలి, కనీసం ఎన్ని చెట్లు రాస్తూ ఉండాలి, కనీసం ఎన్ని మచ్చలుండాలి. ఏమీ చెప్పకపోతే 25 శాతం, 2 చెట్లు, 1 మచ్చ అని తనే తీసుకుంటుంది. ఈ శాతానికి హారం మొత్తం చెట్లు కాదు, ఆ ఏడాది రాస్తున్న చెట్లు మాత్రమే. చుక్కకీ గీతకీ తేడా ఇక్కడ లెక్కలోకి దిగుతుంది. 1600ల ప్రాంతంలో రాసే చెట్లు రెండే ఉంటే ఒక్క మచ్చకే 50 శాతం వచ్చి ఫిల్టరు దాటేస్తుంది, 1800లలో 20 చెట్లు రాస్తుంటే అదే ఒక్క మచ్చ 5 శాతమై పడిపోతుంది. ఒకే పరిమాణం మంట, రెండు తీర్పులు. అందుకే కనీస చెట్ల సంఖ్య పెంచి, ఆ సంఖ్యకి చేరిన సంవత్సరం నుంచే లెక్క మొదలుపెట్టాను. వందేళ్ళకి పైగా డేటా పక్కన పెట్టాల్సి వచ్చినా సరే.

ఫిల్టరు ప్రభావం ఎంతో చూద్దామని నేనే ఒక నమూనా జాబితా కూర్చుకున్నాను, నిజం డేటా కాదు. అన్ని మంటలూ తీసుకుంటే 1801, 1806, 1810, 1819, 1822, 1829, 1842. మధ్య విరామాలు 5, 4, 9, 3, 7, 13 ఏళ్ళు, సగటు 6.8. వీటిలో చిన్న మంటలు అనుకుని 1806, 1822 తీసేస్తే విరామాలు 9, 9, 10, 13, సగటు 10.25. అడవి మారలేదు, చెట్లు మారలేదు, ఫంక్షన్‌కి ఇచ్చే ఒక విలువ మార్చాను, అంతే. ఎవరైనా "ఈ అడవి ఏడేళ్ళకోసారి కాలేది" అని ఒక్క అంకె చెబితే ఏ ఫిల్టరుతో, ఎన్ని చెట్లతో, ఎంత విస్తీర్ణంలో అని అడగాలి. విస్తీర్ణం పెంచుతూ చెట్లు కలుపుకుంటూ పోతే విరామం తగ్గుతూనే పోతుంది, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కాలుతుంది కాబట్టి. ఒక్క చెట్టు పాయింటు విరామం, చోటు మొత్తం కాంపోజిట్ విరామం రెండూ పక్కపక్కనే చూపించాలని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి చివర

విరామాలకి వీబుల్ పంపిణీ (ఇలాంటి కాలవ్యవధులకి వాడే ఒక గణిత వక్రరేఖ) అమర్చడం అలవాటు. విరామాలు కుడివైపుకి సాగి ఉంటాయి, చిన్నవి చాలా, పెద్దవి కొన్ని, సగటు ఒక్కటే చెబితే పెద్దవి దాన్ని లాగేస్తాయి. ఉదాహరణకి స్కేలు 10, షేపు 1.5 అనుకుంటే సగటు 9 ఏళ్ళు, వీబుల్ మీడియన్, అంటే సగం విరామాలు దానికంటే చిన్నవిగా ఉండే విలువ, 7.8 ఏళ్ళు. షేపు 1 కంటే ఎక్కువ ఉంటే మంట అయి ఎన్నేళ్ళైతే మళ్ళీ మంట వచ్చే అవకాశం అంత పెరుగుతున్నట్టు, అంటే గడ్డీ సూదులూ పేరుకోవడానికి టైం పడుతున్నట్టు. అంకెకి అడవిలో అర్థం దొరికే చోటు ఇది, నాకు ఈ భాగం చాలా ఇష్టం.

కానీ ఈ పద్ధతి వదిలేసేది ఒకటుంది. విరామం అంటే మంటకీ మంటకీ మధ్య కాలం. చివరి మంట తర్వాత ఇప్పటిదాకా ఉన్న కాలానికి రెండో కొస లేదు కాబట్టి లెక్కలోకే రాదు. జెమెజ్‌లో ఆ తెరిచి ఉన్న విరామం వందేళ్ళ పైమాటే, రికార్డు మొత్తంలో అతి పెద్దది అదే, సాఫ్ట్‌వేర్ ఇచ్చే పట్టికలో దాని ఊసే ఉండదు. సర్వైవల్ అనాలిసిస్ చదివినవాళ్ళకి ఇది కుడివైపు సెన్సారింగ్, అంటే ముగింపు ఇంకా తెలియని కాలం, అని వెంటనే తడుతుంది. నా నమూనా జాబితాలోనే 1842 తర్వాత 150 ఏళ్ళు మంట లేదనుకుని, మంట వచ్చే అవకాశం ఏటా ఒకటే అనుకునే సాదా ఎక్స్‌పొనెన్షియల్‌తో కలిపితే (41 + 150) ÷ 6, అంటే దాదాపు 32 ఏళ్ళు. 6.8 నుంచి 32కి.

మరి 32 సరైనదా అంటే అదీ కాదు, రెండు వేర్వేరు కాలాలని ఒకే కుండలో పోసి కలిపినట్టు అవుతుంది. అక్కకి ఫోన్ చేస్తే అంది, "లెక్క నీకు కాలం మారిందని చెబుతోంది కదా, ఇంకా ఒకే సగటు ఎందుకు వెతుకుతావు?" కాబట్టి పాత కాలానికి విడిగా వీబుల్, ఆ తర్వాతి కాలానికి సగటు లేకుండా, "చివరి విస్తృత మంట నుంచి ఇన్నేళ్ళు" అని ఒక వాక్యం. పట్టికలో రెండూ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో.

కాలం ఎందుకు మారిందో చరిత్రలో స్పష్టంగానే ఉంది. 1880లో రైలు ఆల్బకర్కీ చేరింది. ఉన్నీ, మాంసం దూరం అమ్ముకునే దారి దొరకడంతో కొండల మీద గొర్రెలు, పశువులు విపరీతంగా పెరిగాయి. గడ్డి మేసేశాక నేల మంట పాకడానికి దారే లేదు. ఆ తర్వాత 1905లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ ఏర్పడింది, 1910 మంటల తర్వాత ఆర్పడమే విధానమైంది, 1935 నాటికి ఏ మంటైనా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి రావాలన్న నియమం పెట్టుకున్నారు. మొదట మంటల్ని ఆపింది ఫైరింజన్లు కావు, గొర్రెలు. నేల మంటలు లేక చిన్న చెట్లు గుంపులుగా ఎదిగాయి. 2011 జూన్‌లో ఒక చెట్టు కరెంటు తీగ మీద పడి మొదలైన లాస్ కాంచస్ మంట మొదటి 14 గంటల్లోనే సుమారు 43,000 ఎకరాలు, మొత్తం 1,56,000 ఎకరాలకి పైగా కాల్చింది. చాలాచోట్ల అది కొమ్మల మీదుగా పాకి చెట్లని నిలువునా చంపింది. అలాంటి మంటకి మచ్చ ఉండదు, రాసే చెట్టే మిగలదు. మచ్చల రికార్డు ఎప్పుడూ బతికిన చెట్ల రికార్డే, ఇదో రకం ఖాళీ.

ఇంకో వైపు చివర, 1600లలో, మనుషుల పాత్ర వేరే. జెమెజ్ పుయెబ్లో అనే మూలవాసి ప్రజలు ఈ మెసాల (బల్లపరుపు కొండల) మీదే పెద్ద ఊళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు, కట్టెలు తెచ్చుకుంటూ, పొలాలు చేసుకుంటూ. స్పానిష్ వాళ్ళ రాక తర్వాత, 1620ల నుంచి 1690ల లోపు వాళ్ళ జనాభా దారుణంగా పడిపోయింది. 2016లో వచ్చిన పరిశోధన చెప్పేదేంటంటే ఆ ఊళ్ళు ఖాళీ అయ్యాక అడవి తిరిగి పెరిగి, విస్తృతమైన నేల మంటలు ఎక్కువయ్యాయి అని. కాబట్టి "పాత కాలపు సహజ విరామం" అన్న మాట నా రిపోర్టులో వాడటం లేదు. ఆ ఖాళీ వెనక ఎంతమంది చావులున్నాయో తెలిశాక వాడబుద్ధి కాలేదు.

మార్చి

మంట సంవత్సరాల్లో వాతావరణం ఎలా ఉండేది? దీనికి వాడేది సూపర్‌పోజ్డ్ ఎపాక్ అనాలిసిస్. పేరు పెద్దది, పని సులువు. ప్రతి మంట ఏడాదినీ సున్నాగా పెట్టి, ముందు ఆరేళ్ళు, తర్వాత నాలుగేళ్ళు కరువు సూచీ తీసి, అన్ని మంటలకీ సగటు కట్టాలి. ఆపైన యాదృచ్ఛికంగా అన్నే సంవత్సరాలు ఎంచి అదే పని 1000 సార్లు చేసి, మన సగటు ఆ గుంపుకి బయట పడుతుందో లేదో చూడాలి. ప్యాకేజీలో పెగ్గీ మెసాకి సరిపడే పామర్ కరువు సూచీ కూడా ఉంది. ఆ సూచీ కూడా చెట్టు వలయాల నుంచే కట్టింది.

ఫలితంలో ఏడాదికొకటి చొప్పున 11 గీతలు వస్తాయి. ఒక్కోదానికి, యాదృచ్ఛిక సగటుల్లో 95 శాతం లోపలే పడే ఒక హద్దు. గీతలు ఒకదానికొకటి సంబంధం లేనివి అనుకున్నా, ఏ సంబంధమూ లేని డేటాలో కూడా కనీసం ఒక గీత హద్దు దాటే అవకాశం 43 శాతం. ఇంకో చిక్కు, కరువు ఏడాది పక్కన కరువు ఏడాది ఉండడం మామూలు, విడివిడిగా ఎంచిన యాదృచ్ఛిక సంవత్సరాలకి ఆ గుణం ఉండదు. అందుకని ముందేళ్ళ విలువల నుంచి ఈ ఏడాదిది అంచనా వేసే ఏఆర్ మోడల్‌తో ఆ పక్కపక్క సంబంధం తీసేసి మిగిలిన రెసిడ్యువల్స్‌తో మళ్ళీ నడిపాను. మంట ఏడాది ఎండు అన్నది రెండు రకాలుగానూ నిలబడింది. అంతకు ముందు ఒకటి నుంచి మూడేళ్ళు తడిగా ఉండడం నైరుతి పాండెరోసా అడవుల మీద వచ్చిన పరిశోధనల్లో పదే పదే కనిపించేదే. వానలు పడితే గడ్డి ఒత్తుగా పెరుగుతుంది, ఆ గడ్డి ఎండిన ఏడాది మంట దూరం పాకుతుంది. నా గీతలు ఆ వైపే ఉన్నాయి, ఈ ఒక్క చోటు డేటాతో దాన్ని రుజువు అని మాత్రం రాయను. 63 చోట్ల డేటా కలిపి టామ్ స్వెట్నమ్, క్రిస్ బైసన్ 1996లో చూపించినప్పుడు అన్నిటికంటే పెద్ద మంట ఏడాదిగా తేలింది 1748, అది కరువు ఏడాది, ముందు ఏడాది 1747 తడి ఏడాది.

మనకి ఎల్‌నినో అంటే వానలు ముఖం చాటేస్తాయన్న టెన్షన్. ఇక్కడ ఎల్‌నినో చలికాలం మంచు, వాన తెస్తుంది, ఆ వెనక దానికి వ్యతిరేక దశ లానినా వస్తే ఎండు వసంతం, మంటలు. స్వెట్నమ్, బెటాన్‌కోర్ట్ 1990లోనే ఈ సంబంధం చూపించారు. అనంతపురంలో వేరుశనగ రైతు భయపడే ఎల్‌నినోయే ఇక్కడ మంట ముందటి గడ్డిని పెంచుతోంది, ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు గగుర్పొడిచింది.

డి అక్షరం గురించి ఇక్కడ చెప్పాలి. రెండు వలయాల సరిహద్దులో పడిన మచ్చ ముందు ఏడాది చలికాలం మొదట్లోదా, తర్వాతి ఏడాది వసంతంలోదా అని చెక్క చెప్పదు. నైరుతిలో ఎండు వసంతం మంటలే ఎక్కువ కాబట్టి తర్వాతి ఏడాదికి వేస్తారు, కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలో శరదృతువు మంటలు కాబట్టి ముందు ఏడాదికి వేస్తారు. వేర్వేరు ప్రాంతాల ఫైళ్ళు కలిపేవాళ్ళు ఈ సంప్రదాయం ఏదో ముందు కనుక్కోవాలి. లేకపోతే తడి ఏడాదీ ఎండు ఏడాదీ ఒక గడి పక్కకి జరిగిపోతాయి.

మార్చి, ఉగాదికి ముందు

మార్కాపురంలో ఉండే మా బాబాయి కొడుకు అడిగాడు, "అన్నా, మన నల్లమలకి ఇలా చేయలేమా?" అని. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలిన అడవిలో నేల మంటలు వాడు ఏటా చూస్తాడు. టేకుకి వలయాలు చక్కగా పడతాయి, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం పరిశోధకులు టేకు వలయాల నుంచి రుతుపవనాల చరిత్ర చదివారు కూడా. అయితే మంటల చరిత్రకి పాత మొద్దులు కావాలి. జెమెజ్ పొడి గాలిలో బంక పట్టిన పైన్ మొద్దు వందేళ్ళైనా నిలుస్తుంది, మన వానలకీ చెదలకీ పడిన చెట్టు అన్నాళ్ళు ఆగదు. పైగా మన దగ్గర మంటలు ఎక్కువగా మనుషుల వల్ల మొదలయ్యేవి, అలాంటి రికార్డుని కరువు సూచీతో పోలిస్తే ఏం తేలుతుందో ముందుగా ఆలోచించుకోవాలి. చేయదగ్గ పనే, ఎవరైనా చేస్తే స్క్రిప్టులు నేనిస్తానని చెప్పాను.

ఇప్పటికి ఉన్నవి: శుభ్రం చేసిన ఫైలు, ప్లాటు, దాని కిందే ఏటా ఎన్ని చెట్లు రాస్తున్నాయో చూపే గ్రాఫు (దీన్ని విడదీసి ఎక్కడా పెట్టను), రెండు కాలాల విరామాల పట్టిక, రెండు రకాల ఎపాక్ గీతలు. తర్వాత లాస్ గ్రియెగోస్ డేటాని ఇదే స్క్రిప్టులో పెట్టి రెండు చోట్లా మచ్చ పడిన సంవత్సరాలు విడిగా తీయాలి. ఫిల్టరు విలువలు, మొదలుపెట్టే సంవత్సరానికి కావాల్సిన కనీస చెట్ల సంఖ్య ముందే ఒక ఫైల్లో రాసి తేదీ వేసి అక్కకి పంపేశాను. ఫలితం ఎలా వచ్చినా వాటిని కదపను.